హయాత్ చదవని మూడు కాగితాలు

గుంటూరు,
12-2-2004, గురువారం.

అమ్మకు,

నీ కూతురు నజ్మీన్ సలాం చెప్పి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నామనుకో. నువ్వూ, నీ మోకాళ్ళూ ఎలా ఉన్నారో రాయించు. మోకాళ్ళ సంగతి విడిగా రాయించు, ఎందుకంటే నువ్వు బాగున్నానన్నప్పుడల్లా వాటిని లెక్కలో వేసుకోవు.

ముందుగా వెంకటరావమ్మ టీచరుగారికి నమస్కారం. టీచరుగారూ, లాల్‌బీ పిన్ని పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఆదివారం దాచేపల్లి తిరిగి వెళ్తోంది. ఈ ఉత్తరం మీ చేతికే ఇమ్మని చెప్పాను. అమ్మను మీ అరుగు మీద కూర్చోబెట్టుకుని, కుడిచెవి వైపు నుంచి కాస్త గట్టిగా చదవండి. మధ్యలో మీకు కష్టంగా అనిపించినా, ఇదంతా ఈమెకు ఎందుకులే అనుకున్నా, ఒక్క ముక్క కూడా దాటేయకండి. చిన్నప్పుడు పదమూడో ఎక్కం దాటేస్తే మీరు నన్ను ఊరికే వదల్లేదు కదా.

అమ్మా, ఎప్పుడూ తమ్ముడు హయాత్ చదివే ఉత్తరం ఈసారి టీచరుగారు ఎందుకు చదువుతున్నారని నీకు అనుమానం వస్తుంది. చెబుతాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పనీ, లేకపోతే అవే తలుచుకుంటూ మిగతాది సరిగ్గా వినవు.

నీ అల్లుడు మాలిక్‌కి దగ్గు తగ్గలేదు. పరుపుల దుకాణంలో దూది దుమ్ము పీల్చకుండా మూతికి గుడ్డ కట్టుకోమంటే, ఊపిరాడదంటాడు. కట్టుకోకపోతే ఆడుతోందా అంటే నవ్వుతాడు. నీ మనవరాలికి జ్వరం తగ్గింది. లెక్కల్లో మాత్రం మార్కులు రాలేదు. మిర్చి సీజను కదా, యార్డు వైపు నుంచి గాలి తిరిగితే వీధి వీధంతా తుమ్ములే. నువ్వు పంపిన పండుమిర్చి పచ్చడి మాలిక్ ఒక్కడే సగం జాడీ లాగించాడు. ఇక బక్రీదుకి వచ్చినప్పుడు అన్నం ముందు నుంచి ఎందుకు లేచిపోయావని అడిగావు. తలనొప్పి అని అప్పుడు చెప్పాను. తలనొప్పి కాదమ్మా. ఎందుకో ఈ ఉత్తరంలోనే చెబుతాను.

చివరగా హయాత్ సంగతి రాయించావు. "వాడు రాజస్థాన్‌లో ఏదో సిమెంటు ఫ్యాక్టరీకి పోతానంటన్నాడు. పోనీ. కాపీ కొట్టినోడి మొహం రోజూ చూసే బాధ తప్పుద్ది." నీ మాటలు నువ్వు చెప్పినట్టే ఉన్నాయి, నీ యాసతో సహా. వాటిని కాగితం మీద పెట్టినవాడు హయాతే. వాడి ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా, తన గురించి నువ్వన్నమాట తనే రాశాడు. ఏడు నెలలుగా నువ్వు వాడితో మాట్లాడటం లేదు. వాడు తెచ్చిన బియ్యం వేరే డబ్బాలో పోయించి, నీ బొంతల డబ్బుతో నువ్వు విడిగా వండుకుంటున్నావు. నా ఉత్తరం వచ్చినప్పుడు, నాకు జవాబు రాయించేటప్పుడు మాత్రం వాడు నీ పక్కన కూర్చుంటాడు. ఆ కాసేపటి కోసం వాడు ఎదురు చూస్తాడని నాకు తెలుసు.

నేను చెప్పే పాఠం ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నా కూతురు ఇంగ్లీషు రాయడం నేర్పిద్దని వీధంతా చెప్పుకుని మురిసిపోయేదానివి, నాకది చాలనుకున్నాను. ఇప్పుడు చెప్పాలి. మేనేజిమెంటు చదువుకి, అంటే పెద్ద పెద్ద బిజినెస్ స్కూళ్ళలో చేరడానికి ఒక పరీక్ష ఉంటుంది. అందులో లెక్కలూ, ఇంగ్లీషూ కాక ఒక వ్యాసం రాయాలి. అరగంట టైము. కంప్యూటర్ మీద నాలుగు వాక్యాలు వస్తాయి. ఎవరో ఒకరు ఏదో కారణం చూపించి, కాబట్టి ఇలా చెయ్యాలి అని తేలుస్తారు. ఆ మాట మంచిదా చెడ్డదా అని మనల్ని అడగరు. చూపించిన కారణానికీ తేల్చిన మాటకీ మధ్య ఎక్కడ ఖాళీ ఉందో పట్టుకోమంటారు. అరండల్‌పేటలో నేను అద్దెకు తీసుకున్న గదిలో ఆ ఒక్క వ్యాసమే చెబుతాను.

మన పిల్లలకు ఆ ఖాళీ పట్టుకోవడం రాదనుకోకు. పోయినేడు మిర్చికి మంచి ధర వచ్చింది, కాబట్టి ఈ ఏడు అందరూ మిర్చే వెయ్యాలి, ఇందులో తప్పేమిటి అని అడుగుతానా, నా మాట పూర్తవకముందే ప్రత్తిపాడు నుంచి వచ్చే చైతన్యకృష్ణ లేచి, "అందరూ ఏస్తే ధర యాడుంటదండీ?" అన్నాడు. వాళ్ళ నాన్న మిర్చి రైతు. ఆ కుర్రాడే దాన్ని ఇంగ్లీషులో రాయమంటే అరగంటలో మూడు వాక్యాలు రాసి, అవీ కొట్టేసి, చెమటలు తుడుచుకుంటాడు. అందరిదీ అదే అవస్థ. మెదడు చకచకా పరిగెడుతుంది, చెయ్యి కదలదు.

మెల్లగా నేర్పించాల్సింది. నాకు ఓపిక లేకపోయింది. మన ఊళ్ళల్లో చదువంటే బట్టీ పట్టడమే కదా, ఎంసెట్ దాకా అందరం అలా వచ్చినవాళ్ళమే. నేను కూర్చుని ఒక వ్యాసం రాశాను. ఏ ప్రశ్న వచ్చినా పైన నాలుగు మాటలు మార్చి, మిగతాదంతా అలాగే దించేసేట్టు. మధ్యలో మిర్చి రైతు గురించి ఒక పేరా పెట్టాను. అమ్మా, నా పొగరు చెప్పుకోవాలంటే ఇప్పుడే చెప్పుకోవాలి, ఆ పేరా చాలా బాగా వచ్చింది. చైతన్యకృష్ణ దాన్ని అక్షరం పొల్లు పోకుండా బట్టీ పట్టి, పరీక్షలో దించి, హైదరాబాద్‌లో సీటు తెచ్చుకుని, స్వీటు పాకెట్టుతో వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ అదే కాగితం జిరాక్స్ తీసి ఇచ్చాను. నువ్వూ నాన్నా పరుపు కుడితే పాత దూది కలిపి కొత్త పరుపని ఏనాడూ అమ్మలేదు. నేను మాత్రం అందరి పరుపుల్లోనూ ఒకే దూది కూరాను.

పోయినేడు వేసవిలో హయాత్ నా దగ్గరికి వచ్చి నెల రోజులు ఉన్నాడు, గుర్తుందా? మన ఊరి సిమెంటు ఫ్యాక్టరీ లాబరేటరీలో ఆరేళ్ళు సున్నపురాయి పరీక్షించి పరీక్షించి, ఇక పైకి వెళ్ళాలంటే ఈ చదువు తప్పదని నిర్ణయించుకున్నాడు. వాళ్ళ మేనేజరు వాడి గురించి మంచి మాటలతో లెటరు కూడా ఇచ్చాడు. లెక్కలు వాడికి మంచినీళ్ళు తాగినట్టే. వ్యాసం మాత్రం నన్ను చెప్పమన్నాడు.

మొదటివారం వాడే స్వంతంగా ఒకటి రాసి తెచ్చాడు. ఒక ఊళ్ళో దుమ్ము గురించి పోయినేడు నలభై ఫిర్యాదులు వచ్చాయి, ఈ ఏడు ఆరే వచ్చాయి, కాబట్టి దుమ్ము తగ్గింది అని ఎవరో అన్నారట. దుమ్ము తగ్గలేదేమో, చెప్పీ చెప్పీ జనమే నోరు మూసుకున్నారేమో చూసుకోవాలి అని రాశాడు. ఇంగ్లీషులో తప్పులున్నాయి. వాక్యాలు గులకరాళ్ళ దారిలో బండి నడిచినట్టు ఉన్నాయి. కానీ అమ్మా, నా గదిలో మూడేళ్ళలో ఎవరికీ తట్టని మాట అది. దాన్ని దిద్దితే చాలు. నేను దిద్దలేదు. పక్కన పడేసి నా కాగితం చేతికిచ్చాను.

"అక్కా, ఇది నాది కాదుగా," అన్నాడు. "నేను రాసిందాంట్లో తప్పులుంటే దిద్దు. నీది నాకెందుకు?"

"ఒరేయ్, నీ ఇంగ్లీషుకి వాళ్ళు గేటు కూడా తియ్యరు. దీంతో సీట్లు వచ్చినై. నోరు మూసుకుని బట్టీ పట్టు," అన్నాను.

రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత బట్టీ పట్టాడు. అక్క మాట కాదనలేక పట్టాడు. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి కంప్యూటరు మీద కొట్టడం కూడా సాధన చేశాడు. పరీక్షలో అలాగే కొట్టి వచ్చాడు. మార్కులు బాగా వచ్చాయి, హైదరాబాద్ స్కూలు నుంచి ఇంటర్వ్యూకి పిలుపు కూడా వచ్చింది. ఆ తర్వాత జులైలో ఆ కవరు. ఇంతకుముందు మరికొందరు రాసినదానితో నీ వ్యాసం మాటకి మాట సరిపోయింది, నీ మార్కులన్నీ రద్దు చేస్తున్నాం, నువ్వు దరఖాస్తు పెట్టిన స్కూలుకి కూడా తెలియజేస్తున్నాం అని. ముందు రాసిన చైతన్యకృష్ణకి ఏమీ కాలేదు. తర్వాత రాసిన నా తమ్ముడు దొంగయ్యాడు.

ఆ సంగతి నీకు మన వీధి సిలార్ చెప్పాడు. వాడూ ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడు కాబట్టి, లెటరిచ్చిన మేనేజరు, స్కూలు నుంచి సంగతి తెలిసి, అందరి ముందూ హయాత్‌ని నిలదీయడం చూశాడు. నువ్వు బొంత కుట్టడం ఆపి లేచావు. హయాత్ డ్యూటీ దిగి రాగానే వాకిట్లోనే, ఇరుగుపొరుగు అందరూ చూస్తుండగా అడిగావు.

"నువ్వు రాసింది నీదా, కాదా?"

"నాది కాదమ్మా."

"మరెవరిది?"

వాడు తల దించుకున్నాడు. నువ్వు మళ్ళీ అడిగావు. వాడు నోరు విప్పలేదు. నువ్వు లాగి చెంప మీద కొట్టావు. ముప్పై ఏళ్ళు రాబోతున్న మనిషిని.

అమ్మా, అది నాది. ఆ వ్యాసం నేను రాసిందే. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా నాదే. వాడు వద్దంటే మెడలు వంచి బట్టీ పట్టించింది నేను. ఆ రోజు నేను ఎక్కడో గుంటూరులో కూడా లేను. నీ వెనకే, గుమ్మంలో, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. వాడు తల దించుకునే ముందు ఒక్కసారి నా వైపు చూశాడు. చెప్పక్కా అన్నట్టు కాదు. నువ్వేం మాట్లాడొద్దు అన్నట్టు చూశాడు. నేను కూడా అదే అదనుగా తీసుకున్నాను. పైగా నీ భుజం పట్టుకుని ఏమన్నానో గుర్తుందా? "పోనీలేమ్మా, కుర్రాడు తెలియక చేశాడు, క్షమించు" అన్నాను. నేను చేసిన తప్పుకి వాణ్ణి క్షమించమని నిన్ను బతిమాలాను. నువ్వు నన్ను చూసి, ఎంత మంచి మనసే నీది అన్నావు. ఆ మాట ఇప్పటికీ అన్నం ముద్ద మింగనివ్వడం లేదు.

ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? తెలిస్తే పిల్లలెవరూ నా గదికి రారని భయం. మాలిక్ ముందు తలెత్తుకోలేనని భయం. అన్నిటికంటే, బొంతలు కుట్టి కుట్టి నీ వేళ్ళు తూట్లు పడితే నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదివాను. ఆ చదువుతో నేను చేసిన పని ఇదీ అని నీకు తెలియకూడదని నా స్వార్థం.

ఇక హయాత్ ఎందుకు చదవడం లేదో చెబుతాను. ఇదంతా నేను జనవరిలోనే ఒకసారి రాశాను. నాలుగు కాగితాలు, రెండువైపులా. మొదటి కాగితంలో ఇంటి సంగతులు, మిగతా మూడింట్లో ఇదే. పోస్టు డబ్బాలో వేసి, నీ తిట్లు ఎప్పుడు వస్తాయా అని పదిరోజులు ఎదురు చూశాను. నీ జవాబు వచ్చింది. "ఏమ్మే, ఈ మధ్య నీ ఉత్తరాలు మరీ పొట్టిగా ఉంటన్నయ్. అమ్మకి నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తే చెయ్యి నొప్పి పుడద్దా?" అని రాయించావు. నాలుగు కాగితాల ఉత్తరం నీకు పొట్టిగా ఉందంటే, మూడు కాగితాలు నీ చెవిదాకా రానేలేదు. హయాత్ మొదటిది చదివి మిగతావి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన మీది మచ్చ తుడిచే మూడు కాగితాలు చదవకుండా దాచేశాడు, తనను తిట్టిన మాట మాత్రం పొల్లు పోకుండా రాశాడు.

ఎదురుగానే చెబుదామని బక్రీదుకి వచ్చాను. నువ్వు నా కంచంలో మెత్తటి ముక్కలు ఏరి వేస్తున్నావు. వాడు అదే ఇంట్లో, వెనక వసారాలో, మేనత్త పంపిన గిన్నెలోది ఒంటరిగా తింటున్నాడు. నువ్వు నాతో, "నువ్వు నా కడుపున పుట్టినందుకు నాకేం లోటు లేదే," అన్నావు. చేయి కడుక్కుని లేచాను. అదీ ఆ రోజు తలనొప్పి.

పరీక్ష పెట్టేవాళ్ళకి నా పేరుతో, నా అడ్రసుతో ఉత్తరం రాశాను. ఆ వ్యాసం నాది, తప్పు నాది అని. ఇంకా జవాబు లేదు. వస్తే మాత్రం ఏడు నెలలు వెనక్కి వస్తాయా? ఇప్పుడున్న పిల్లలకి కూడా సోమవారం చెప్పేశాను, నేనిచ్చిన కాగితం చించెయ్యండి, దానివల్ల ఒక మనిషి జీవితం పాడైంది అని. శ్రీదివ్య అనే పిల్ల లేచి, "అయితే మేం ఏం రాయాలి మేడమ్?" అంది. మీ మాటే రాయండి అన్నాను. తల ఊపి, నా కాగితం జాగ్రత్తగా మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

హయాత్ పదహారున వెళ్తాడని రాయించావు కదా. పదిహేనున ఈ ఉత్తరం నీకు చేరుతుంది. ఒక పూట ఉంటుంది. ఆ ఒక్క పూట వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నీ చేత్తో వడ్డించు. నేను కోరేది అంతే.

14-2-2004, శనివారం.

అమ్మా, ఉత్తరం ముగించి బల్ల మీద పెట్టి ఉంచాను. ఈ రోజు పొద్దున పదిగంటలకి హయాత్ సంచీ భుజాన వేసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. రెండు రోజులు ముందే బయలుదేరాడట. విజయవాడలో సాయంత్రం రైలు.

"అమ్మకి చెప్పావా?" అని అడిగాను.

"చెప్పా."

"ఏమంది?"

"ఏమీ అన్లా. బొంత కుడతంది. కొత్త సూది ఇచ్చి దారం ఎక్కించమంది. ఎక్కించి ఇచ్చా." సంచీ కింద పెట్టాడు. "డబ్బాలో ఉన్న సూదులన్నిటికీ ఎక్కించి పెట్టి వచ్చానక్కా. అమ్మకి చూపు ఆనటం లేదు. ఓ నెల దాకా ఇబ్బంది ఉండదు."

అన్నం పెట్టాను. తింటూ బల్ల మీది ఉత్తరం చూశాడు. చేయి కడుక్కుని వచ్చి, నన్ను అడక్కుండానే తీసి మొత్తం చదివాడు. చించెయ్యమన్నాడు. చించనన్నాను. జనవరిలో ఎందుకు చదవలేదురా, నీకు పౌరుషం లేదా, ఏడు నెలలు ఎలా భరించావు అని అరిచాను. వాడు అరవలేదు.

"నా మీద కోపం వస్తే అమ్మకి నువ్వున్నావు," అన్నాడు. "నీ మీద కూడా కోపం వస్తే అమ్మకి ఇంకెవరున్నారక్కా?"

ఎవరెవరి మాటల్లోనో ఖాళీలు వెతికి చూపించే నాకు వాడి మాటలో ఎక్కడా ఖాళీ దొరకలేదు. లాల్‌బీ పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆమెకీ ఇదంతా అప్పుడే తెలిసింది.

మాలిక్, నేను విజయవాడ స్టేషను దాకా వెళ్ళాం. మాలిక్‌కి నిన్ననే అంతా చెప్పాను. దగ్గుతూ కూర్చున్నాడు, అంతే. రైలు కదిలే ముందు హయాత్ కిటికీలోంచి, "పంపకక్కా," అని మళ్ళీ అన్నాడు. నేను సరే అనలేదు. వాడికిచ్చిన కాగితం ఒకసారి వాణ్ణి ముంచింది. ఈ కాగితం కూడా ఆపితే నేను మనిషినే కాను.

కాబట్టి పంపుతున్నాను. వాడికి నీ చేత్తో వడ్డించమని పైన రాసింది కొట్టెయ్యలేదు, అలాగే ఉంచాను. ఆలస్యమైందని నాకూ తెలియాలి కదా.

నీ కోపమంతా వాడి మీది నుంచి తీసి నా మీద పెట్టు. నాకు ఉత్తరం రాయించవద్దు, నేను పంపే చీరలు కట్టవద్దు, నా పేరు వీధిలో ఎత్తవద్దు. నేను పడతాను. వాడన్నట్టు నీకెవరూ ఉండరేమోనన్నదే నా భయం. అందుకే వాడి అడ్రసు విడిగా చిన్న కాగితం మీద రాసి కవరులో పెట్టాను. టీచరుగారి చేత వాడికి ఒక్క కార్డు రాయించు. తప్పు నాదని తెలిసిందని కూడా రాయించక్కర్లేదు. ఏం రాయించాలన్నా నోరు రాకపోతే, సూదుల్లో దారం అయిపోయింది, వచ్చి ఎక్కించి పో అని రాయించు. వాడు వస్తాడు.

ఇట్లు,
ఆ వ్యాసం రాసిన నీ కూతురు,
నజ్మీన్.